టీ గదిలో అత్తగారి కళ్లు

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారితే సర్దుకుని చదవండి. ఈ కథ జరగడానికి అయిదు రోజులు పట్టింది, నాకు రాయడానికి పద్దెనిమిది.

ఆ సోమవారం పొద్దున్నే మా కింది వాటా అత్తగారి అల్లుడు మధ్యాహ్నం డబ్బా సంచిలో పెట్టుకుంటూ, ఈ వారంతో తన సంగతి తేలిపోతుందని భార్యకు చెప్పాడు. అతను ఆఫీసులకు బోర్డులు, ఫారాలు, గోడ బొమ్మలు తయారు చేసే కంపెనీలో డిజైనరు. మనుషుల చేత వాళ్లకు తెలియకుండానే మంచి పనులు చేయించే బొమ్మలు గీయడం ఆ కంపెనీ గొప్ప. అతని ఆరు నెలల ప్రొబేషన్ శుక్రవారంతో ముగుస్తుంది. అదే రోజు పెద్దాసుపత్రి నుంచి డాక్టర్లు వస్తున్నారు. అక్కడి సిబ్బంది చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదట. కడుక్కునేలా చేసే బొమ్మ కావాలట.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కంపెనీలో నలభై మంది టీ తాగి కప్పులు సింకులో పడేసి పోతారు. మేనేజరు అల్లుణ్ణి గదిలోకి పిలిచాడు.

"మనవాళ్ల చేత కప్పు కడిగించలేని వాళ్లం, డాక్టర్ల చేత చేతులేం కడిగిస్తామయ్యా? శుక్రవారానికి సింకు ఖాళీగా కనిపిస్తే నీ ఉద్యోగం ఖాయం. లేదంటే నీ బల్ల ఖాళీ."

ఎవరో చూస్తున్నట్టు అనిపిస్తే మనిషి బుద్ధిగా ఉంటాడని అల్లుడు చదువుకున్నాడు. అందుకని రెండు కళ్లు గీసి సింకు మీద అంటించాడు. మధ్యాహ్నానికి ఎవరో వాటికి కళ్లజోడు పెట్టారు, సాయంత్రానికి మీసం కూడా మొలిచింది. గీసిన కళ్లకు జనం లొంగరని, నిజమైన కళ్లు కావాలని అతనికి అర్థమైంది.

అలాంటి కళ్లు ఇంట్లోనే ఉన్నాయి. అత్తగారు ఆ పెద్దాసుపత్రిలోనే ముప్పై ఏళ్లు హెడ్ నర్సుగా చేసి దిగిన మనిషి. పెన్షన్ కార్డు కోసం మొన్ననే ఫోటో తీయించుకుంది. స్టూడియోలో ఫోటోగ్రాఫరు తల సరిచేద్దామని ఆవిడ గడ్డం పట్టుకున్నాడు. చేతులు కడుక్కున్నావా అని ఆవిడ చూసిన చూపు చూసినట్టే ఫోటోలో పడింది. అల్లుడు ఆ ఫోటోను అలమరలోంచి చెప్పకుండా తీసుకెళ్లి, కళ్ల వరకు పెద్దది చేసి, మంగళవారం సింకు పైన అంటించాడు.

బుధవారం మధ్యాహ్నానికి సింకు అద్దంలా ఉంది. మేనేజరు వచ్చి చూసి అల్లుడి భుజం తట్టాడు. ఒక్క టీ పెట్టే అక్క మాత్రం ముఖం ముడుచుకుని నిలబడింది. పొద్దున పెట్టిన కప్పుల్లో సగం కూడా తిరిగి రాలేదని ఆవిడ గోల.

"అది ప్రవర్తనలో మార్పు అక్కా," అన్నాడు అల్లుడు.

"మార్పో మాయో, కప్పులే లేకపోతే మురికి కప్పులు ఎక్కణ్ణుంచి వస్తాయి బాబూ? రేపు టీ దోసిట్లో పోయమంటావా?"

ఆమె మాట నిజమే. మురికి కప్పుతో ఆ కళ్ల ముందుకు వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అలాగని వెళ్లి కడగడానికి ఒళ్లూ వంగలేదు. అసలు ఆ గదిలోకే పోకపోతే ఏ బాధా లేదని నలభై మందీ ఎవరికి వారే తెలుసుకున్నారు. తాగిన కప్పు తాగినట్టే సొరుగులోకి పోయింది.

గురువారం ఫైళ్ల సెక్షన్‌లో చీమలు బయల్దేరాయి. అల్లుడు ఒక్కొక్క సొరుగూ లాగి చూశాడు. ఒకదాంట్లో నాలుగు కప్పులు, ఇంకోదాంట్లో ఆరు. ఒక కప్పులోనైతే అప్పుడే నూగులా బూజు మొలిచింది. అతను కంగారు పడకుండా అత్తగారి కళ్లను చిన్న చిన్న స్టిక్కర్లుగా అచ్చు వేయించి సొరుగు సొరుగుకీ అంటించాడు. దాంతో జనం కప్పులు తీసేశారు. దాంతోపాటు సొరుగులు తెరవడమే మానేశారు. లోపలున్న కాగితాలు లోపలే ఉండిపోయాయి. ఫలానా ఫారం ఏదని అడిగితే, కాస్త మీరే తీసుకోండి అని ఒకరికొకరు మర్యాద చేసుకున్నారు.

తీసిన కప్పులు ఏమయ్యాయో కనుక్కునే తీరిక అతనికి చిక్కలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఇంకో గొడవ. పెన్షన్ ఆఫీసులో ఫోటో ఇవ్వడానికి మర్నాడే ఆఖరు రోజట, ఫోటో కనిపించడం లేదట. అత్తగారు అలమర మూడుసార్లు సర్దింది. పొరపాటున తన కాగితాల్లో కలిసి ఆఫీసుకు పోయిందని అల్లుడు నసిగాడు, రేపు తెస్తానన్నాడు. ఆవిడ ఊరికే చూసింది. అల్లుడు లేచి వెళ్లి, తాగని గ్లాసు కూడా కడిగిపెట్టాడు.

శుక్రవారం పదకొండింటికి పెద్ద డాక్టరు మరో ఇద్దరితో వచ్చాడు. మేనేజరు వాళ్లను నేరుగా టీ గదికి తీసుకెళ్లి, ఖాళీ సింకు చూపించి, గోడ మీది కళ్ల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. పెద్ద డాక్టరు వినడం లేదు. ఆ కళ్ల వంక చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని, మెల్లగా పంపు దగ్గరికి నడిచాడు. చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాడు.

మేనేజరు ఆనందానికి అంతు లేదు. ఒప్పంద కాగితం ఇప్పుడే సంతకం చేద్దామంటూ అందరినీ తన గదికి తీసుకెళ్లి బీరువా తలుపు లాగాడు. కాగితం రాలేదు, కప్పులు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి పదకొండు నేల మీద పగిలాయి. లోపల ఇంకా ముప్పై దాకా ఉన్నాయి. తనకు అలాంటివి అక్కర్లేదని మేనేజరు స్టిక్కరు వద్దన్న గది ఆఫీసు మొత్తంలో అదొక్కటే. ఆ సంగతి నలభై మందికీ తెలుసు.

"నీ బల్ల సర్దుకోవయ్యా," అన్నాడు మేనేజరు, డాక్టర్లకు వినపడకుండా.

అల్లుడు గుమ్మం వైపు తిరిగాడు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఫోటో కోసం వచ్చిన మనిషి దారిలో టీ గది కూడా చూసే వచ్చింది.

"కళ్లు గోడ మీద దొరికాయి బాబూ. మిగతా ముఖం ఎక్కడ పెట్టావు?"

ఆవిడ నేల మీది పెంకులు చూసింది, బీరువా చూసింది, చుట్టూ చేరిన జనాన్ని చూసింది.

"ఎవరివీ కప్పులు?"

గొంతు పెంచలేదు. నలభై మందీ వరుస కట్టారు. టీ గదిలో పంపు పావుగంట ఆగలేదు. వరుస చివర మేనేజరు తన రెండు కప్పులూ పట్టుకుని నిలబడ్డాడు. పెద్ద డాక్టరు కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, ఇంకా కూర్చోలేదు.

"బాగున్నారా సిస్టర్? నేనండీ. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మూడుసార్లు నన్ను ఆపరేషన్ థియేటర్లోంచి వెనక్కి పంపారు."

"నాలుగుసార్లు," అంది ఆవిడ.

డాక్టరు మేనేజరు వైపు తిరిగి, తనకు బొమ్మలు అక్కర్లేదని, మనిషి కావాలని చెప్పాడు. మేనేజరు కప్పు తుడుచుకుంటూనే, ఆవిడ తమ కంపెనీ సలహాదారేనని, పొద్దున్నే చేరారని అన్నాడు. తను చేరిన సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది. వారానికి మూడు రోజులే వస్తానని, వచ్చిన రోజు ఎవరూ అడ్డు చెప్పకూడదని అంది. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఉద్యోగం ఖాయమైంది. అల్లుడిని తీసేస్తే ఆవిడకు కోపం వస్తుందేమోనని మేనేజరు భయపడ్డాడు. ఖాయం చేస్తే ఏమంటుందోనని ఇంకా భయపడ్డాడు. చివరికి ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగించి, అతని పనితీరు చూసే బాధ్యత ఆవిడకే అప్పగించాడు.

అల్లుడి గురించి మొదటి నెల కాగితంలో ఆవిడ ఒక్క ముక్కే రాసింది: "గోళ్లు పెరిగాయి."

ఇట్లు,
మేడ మీద పిన్ని అంటారు అందరూ. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు చిన్న కూతురింట్లో, వీధి వైపు గదిలో ఉంటున్నాను.