నీళ్ళు రావని రాసింది నేనే

నాకు రెండు ఉద్యోగాలు. పగలు మధురవాడ ఐటీ ఆఫీసులో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. సాయంత్రం ఇంట్లో, 'నవ్వులబండి' అనే నా సొంత వెబ్‌సైటు నడపడం. మొదటి ఉద్యోగంలో తప్పులు నేను పడతాను. రెండోదాంట్లో మా ఆవిడ కుసుమకుమారి పడుతుంది.

నవ్వులబండి అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మీరు అందులోకి వెళ్ళి ఒక పేరో, నాలుగు మాటలో టైపు చేసి బటన్ నొక్కితే వాటితో ఒక బొమ్మ తయారై వస్తుంది. పుట్టినరోజు ఫ్లెక్సీ, సన్మాన పత్రం, 'తప్పిపోయిన భర్త' పోస్టరు, ఏది కావాలంటే అది. అంతా ఉచితం. అన్నిట్లోకీ నాకు ప్రాణం ఓడ బొమ్మ. హార్బర్లో నిలబడ్డ ఓ పెద్ద ఓడ మీద మీ పేరు తెల్లరంగు అక్షరాలతో రాసి ఇస్తుంది. దానికి నాలుగు నెలలు పట్టింది. ఓడకి తుప్పు మరకలు దిద్దడానికే మూడు వారాలు.

"తుప్పు మీద అంత మోజుంటే మన బాల్కనీ గ్రిల్లుకి బోలెడున్నాది బావా. దాన్ని గీకి రంగెయ్యొచ్చు గదా" అంది కుసుమ.

కుసుమ మా మేనమామ తవిటయ్య పెద్ద కూతురు. అందుకే పెళ్ళై ఏడేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం 'ఉదయ్‌కుమార్ గారూ' అంటుంది. ఆ గౌరవం చెవిన పడగానే నేను చెప్పులు వెతుక్కుంటాను.

సైటుకి రోజుకి పదకొండు మంది వచ్చేవారు. అందులో ఆరుగురు నేనే. మిగతా అయిదుగురూ ఎవరో తెలియదు. తెలిస్తే ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాణ్ణి.

అలాంటిది ఓ గురువారం నాడు, లక్షలమంది చూసే ఒక హాస్యం పేజీ వాళ్ళు నాకు మెసేజీ పెట్టారు. 'మీ ఓడ బొమ్మ బాగుంది. ఆదివారం పొద్దున్న పది గంటలకి మా పేజీలో వేస్తున్నాం.' నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ వెంటనే సైటుని మోసే సర్వరు గుర్తొచ్చింది. అది పదకొండు మందికి అలవాటు పడ్డ ప్రాణి. ఒక్కసారి జనం మీద పడితే నోరు తెరుస్తుంది. ఆ పూట నేను లాప్‌టాప్ ముందు ఉండి తీరాలి.

సరిగ్గా అప్పుడే కుసుమ కాఫీ పట్టుకొచ్చింది.

"ఆదివారం పొద్దున్నే సబ్బవరం ఎల్లాలి బావా. మన రోజాని సూసుకోడానికి పెళ్ళోరొస్తన్నారు."

"ఏ ఆదివారం?"

"మొన్న ఎలిపోయిన ఆదివారం. ఎనక్కెల్లి సూసొద్దాం."

"అది కాదు కుసుమా, ఆ రోజు నాకు కొంచెం..."

"కొంచెం ఏటి?"

"కొంచెం... చక్కెర తక్కువైంది కాఫీలో."

రోజారమణి కుసుమ చెల్లెలు. సబ్బవరంలోనే ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ఆ పిల్ల పెళ్ళిచూపులకి పెద్దల్లుడు లేకపోతే బాగుండదు, నాకూ తెలుసు. కానీ సైటు పేరు ఎత్తే మొహం నాకు లేదు. పోయినేడు సత్యనారాయణ వ్రతంలో, సైటు ఆగిపోయిందని పీటల మీంచి లేచి వెళ్ళాను. బాగుచేసుకుని వచ్చేసరికి మూడు కథలు అయిపోయాయి. నా పీట మీద నా చొక్కా మడతపెట్టి ఉంది. మా ఆవిడ దాని పక్కన కూర్చుని నిశ్చింతగా పూజ చేసుకుంటోంది.

అందుకని నిజం చెప్పే ఆలోచన విరమించి, నా బండి మీదే ఆధారపడ్డాను. అందులో 'అపార్ట్‌మెంటు నోటీసు' అని ఒక బొమ్మ ఉంది. కూర్చుని టైపు చేశాను. 'ఆదివారం ఉదయం నుండి సాయంత్రం వరకు నీటి పైపుల మరమ్మతు. నీళ్ళు రావు. పైపులు పగిలే అవకాశం ఉన్నందున ప్రతి ఫ్లాటులోనూ ఇంటాయన తప్పనిసరిగా ఉండవలెను. ఇట్లు, అసోసియేషన్.' బటన్ నొక్కాను. సీలుతో సహా వచ్చింది. కుసుమ ఫోనుకి పంపి, మొహం విచారంగా పెట్టుకుని నిలబడ్డాను.

ఆమె రెండు వేళ్ళతో బొమ్మని సాగదీసి చాలాసేపు చూసింది.

"అయ్యో పాపం. అయితే నువ్వు ఇల్లు కదలకూడదేటి?"

"ఏం చేస్తాం మరి. రూలు."

"సరేలే" అంది.

ఏడేళ్ళలో అంత తొందరగా 'సరేలే' విన్నది లేదు. అనుమానించాల్సింది. ఆనందించాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి లిఫ్టులో ఇద్దరు ఆ నోటీసు గురించే మాట్లాడుకుంటున్నారు. మా ఎదురు ఫ్లాటు సూర్యకాంతమ్మగారు కరివేపాకు కోసం మా ఇంటికి వచ్చి, కుసుమ ఫోనులో నోటీసు చూసి, తన ఫోనుకి పంపించుకున్నారట. ఆవిడ ఫోనులో పడ్డ సంగతి కుండలో పడ్డ నీళ్ళలాంటిది కాదు, చిల్లుల గిన్నెలో పడ్డట్టే. అరగంటలో నలభై ఎనిమిది ఫ్లాట్లకీ చేరింది.

నేను పరుగున అసోసియేషన్ సెక్రటరీ గవర్రాజు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి, పోర్టులో పనిచేసి రిటైరయిన మనిషి. 'ఈ నోటీసు నేనివ్వలేదండి' అని ఆయన ఒక్క మాట అంటే గొడవ అక్కడితో ఆగిపోతుంది.

"ఆదివారం నీళ్ళు రావటగా?" అని కదిపాను.

ఆయన ఒక్క క్షణం తెల్లమొహం వేశారు. సెక్రటరీకి తెలియకుండా అపార్ట్‌మెంటులో ఏదో జరిగిందంటే పరువేం కాను? గొంతు సవరించుకున్నారు.

"ఆయ్, నేనే పెట్టించానండి. మూడు నెలల్నుంచీ కాళ్ళరిగేలా తిరుగుతున్నానండి దీనికోసం!"

అంతటితో ఊరుకోక ఆ బొమ్మని తలుపంత సైజులో ప్రింటు తీయించి, కింద లిఫ్టు పక్కన అంటించారు.

శనివారం సాయంత్రం మాది తప్ప అన్ని ఫ్లాట్లూ ఒకేసారి కుళాయిలు విప్పాయి. బకెట్లు, డ్రమ్ములు, కుక్కర్లు, పెళ్ళిలో వచ్చిన బిందెలు, అన్నీ నిండాయి. ఆదివారం ఆరింటికి పైన ట్యాంకు, కింద సంపు రెండూ ఎండిపోయాయి. అది చూసుకోకుండా వాచ్‌మన్ వేసిన మోటారు కాస్తా కాలిపోయింది. మా కుళాయి తిప్పితే గాలి వచ్చింది. నేను రాసిన అబద్ధం అక్షరాలా నిజమైపోయింది. భయం వేసింది. దాచడమెందుకు, రాసినవాడిగా కొంచెం గర్వం కూడా వేసింది.

ఏడయినా కుసుమ ప్రయాణం ఊసు ఎత్తలేదు. కొత్త దుప్పట్లు పరుస్తోంది.

"సబ్బవరం బయల్దేరవా?"

"ఎందుకు? పెద్దల్లుడు కదలడానికి నేదని నాన్నకి సెప్పాను. ఆయన నేకండా సూపులేటి, అందరం అక్కడికే ఎల్దాం అన్నాడు నాన్న. పెళ్ళోరూ సరేనన్నారు. తొమ్మిదిన్నరకి ఒచ్చెస్తారు."

"ఎంతమంది?"

"అట్నుంచి తొమ్మిదిమంది. మనోళ్ళు పద్నాలుగు."

"మరి నీళ్ళో?"

"నీళ్ళ సంగతి నీకే తెలియాల ఉదయ్‌కుమార్ గారూ."

చెప్పులు వెతుక్కున్నాను కానీ వెళ్ళడానికి చోటు లేదు. ఎనిమిదిన్నరకి మా మావయ్య తవిటయ్య లగేజీ ఆటోలో దిగాడు. వెనకాల ఆరు నీళ్ళ డ్రమ్ములు.

"అల్లుడింట్లో నీళ్ళు నేవంటే మావెందుకున్నాం! మన బోరు నీళ్ళు, కొబ్బరినీళ్ళలాగుంటాయి. అందుకోరా!"

డ్రమ్ములు లిఫ్టులో ఎక్కించకూడదని గవర్రాజుగారు అడ్డుపడ్డారు. మాది నాలుగో అంతస్తు. బకెట్లతో నేను మోశాను. పైకి చేరిన నీళ్ళని మా అత్త జోగమ్మ, చలివేంద్రం పెట్టినట్టు గుమ్మంలో నిలబడి, బోరు నీళ్ళని విని అడిగినవాళ్ళందరికీ పోసేసింది. మళ్ళీ మోశాను.

పెళ్ళివారు వచ్చేసరికి నా చొక్కా పిండితే ఇంకో బకెట్ నిండేలా ఉంది. పెళ్ళికొడుకు పేరు గోపి. ఉండేది మల్కాపురం, పోర్టులో క్రేన్ ఆపరేటరు. నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ నూకాలుగారు గట్టి మనిషి. మావాళ్ళెవరో నా లాప్‌టాప్ మీద జంతికల పళ్ళెం పెట్టేశారు. పదయింది. వంటింట్లో దాక్కుని ఫోనులో చూశాను. పేజీలో నా ఓడ వచ్చేసింది. పదీ నాలుగుకి నా సైటు పడిపోయింది.

హాల్లో ఇంకో చిక్కు. రోజారమణి కాఫీలు తెచ్చి నిలబడితే, గోపి ఫోను నొక్కుకుంటున్నాడు.

"ఒరే, తలెత్తరా. పిల్లని సూడ్డానికొచ్చావా, ఫోన్ సూడ్డానికొచ్చావా?" అంది నూకాలుగారు.

గోపి సిగ్గుపడిపోయాడు. "అది కాదమ్మా. రోజూ సూసే సైటొకటి ఇందాకట్నుంచీ తెరుసుకోటం నేదు. దాని బొమ్మే కింద లిఫ్టు కాడ అంటించారు. ఈ అపార్ట్‌మెంటోళ్ళూ మనలాటోళ్ళే అనుకున్నాను."

బకెట్ పట్టుకుని నీళ్ళ కోసం వచ్చిన గవర్రాజుగారు గుమ్మంలో ఆగిపోయారు. "ఏ బొమ్మండి?"

"నీళ్ళ నోటీసండి. దాని కింద రాసే ఉన్నాది గదా! 'ఇలాంటి దొంగ నోటీసు మీరూ ఉచితంగా చేసుకోండి, నవ్వులబండి' అని."

నిజమే. ప్రచారం కోసం ప్రతి బొమ్మ కిందా చీమ తలకాయంత అక్షరాలతో అలాంటి మాటొకటి పడేలా పెట్టింది నేనే. ఫోనులో అది గీతలా ఉంటుంది. గవర్రాజుగారు తలుపంత చేసేసరికి ఒక్కో అక్షరం అరచేయంత అయింది. అయినా మూడు రోజులుగా ఎవరూ అంతవరకూ చదవలేదు.

"నవ్వులబండంటే నీదే గదేటి అల్లుడూ?" అన్నాడు మావయ్య అమాయకంగా.

గోపి దిగ్గున లేచాడు. "ఆ ఓడ బొమ్మ సేసింది మీరేనా!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నా జీవితంలో దొరికిన ఒక్క అభిమాని, దొరక్కూడని నిమిషంలో దొరికాడు.

నూకాలుగారు మాత్రం కొంగు సర్దుకుని లేచింది. "మరదలి సూపులకే ఎగ్గొట్టడానికి దొంగ నోటీసు రాసినాడా? పెద్దల్లుడే ఇలగైతే రేపు మావోడికేటి మర్యాద జరుగుద్ది?"

మావయ్య తల వంచుకున్నాడు. నూకాలుగారికి అందించబోయిన కాఫీని రోజా మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. నవ్వించాలని బండి పెట్టుకున్నవాణ్ణి, ఆ పిల్ల మొహం వంక చూడలేకపోయాను.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. "మా వాళ్ళకెవరికీ తెలియదు. పది గంటలకి సైటుకి లక్షమంది వస్తారని, దగ్గరుండి చూసుకుందామని ఆశపడ్డాను. అడగడానికి ధైర్యం లేక అబద్ధం రాశాను. సైటు ఎలాగూ పోయింది. నా వల్ల ఈ సంబంధం పోకూడదు. నన్ను తిట్టి కూర్చోండి."

ఆవిడ ఏదో అనబోయేలోగా రోజారమణి పళ్ళెం కిందపెట్టి, జంతికలు తీసి, లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ముందు సైటు లేపు బావా. లక్షమంది వాకిట్లో నిలబడుంటే ఈ మాటలేటి? తిట్లు తరవాత తిందువు."

గోపి నా పక్కన చేరాడు. "ఏటయింది?"

"అందరూ ఒక్కసారే వచ్చేసరికి మొయ్యలేకపోతోంది."

"మా క్రేనూ అంతే గదా. బరువంతా ఒకేసారి తగిలిస్తే ఆగిపోద్ది. కొంచెం కొంచెం ఎత్తాల. మిగతాది లైన్లో పెట్టాల."

నిజానికి అంతకంటే మంచి సలహా ఆఫీసులో కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇరవైమందిని మాత్రం లోపలికి వదిలి, మిగతావాళ్ళకి 'కాస్త ఆగండి, ఓడ వస్తోంది' అని పెట్టాను. పావుగంటలో సైటు లేచింది.

"ఒకపాలి సరిసూడాల గదా. ఏ పేరు రాద్దాం?" అన్నాడు గోపి, నా వైపు చూడకుండా.

రోజా వంగి తన పేరు టైపు చేసింది. ఓడ వచ్చింది. తుప్పు మరకల మధ్య తెల్లగా 'రోజారమణి'.

గోపి కాసేపు చూశాడు. "ఇలాటి ఓడ మా పోర్టుకి ఎప్పుడూ రానేదండి."

"వొస్తే సరుకు దింపి పంపీస్తారేటి?" అంది రోజా.

"సరుకు దింపుతాను. ఓడని ఎల్లనివ్వను."

నూకాలుగారు కొడుకు మొహం చూసింది, రోజా మొహం చూసింది. మళ్ళీ కూర్చుని జంతిక అందుకుంది. "రుసిగానే ఉన్నాయి. ఎవరు సేసినారు?"

అలా సంబంధం ఖాయమైంది. అందరూ భోజనాలకి లేచాక వంటింట్లో కుసుమని పట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"గురువారమే. రెండు వేళ్ళతో సాగదీస్తే కింద అచ్చరాలు కనిపించీసినాయి. నవ్వుకుందామని సూర్యకాంతమ్మగారికి సూపించాను. ఆవిడ నిజమనుకుని పంచీసింది, నానేటి సేసేది?"

"మరి నన్నెందుకు నిలదీయలేదు?"

"రోజా సూపులు మనింట్లో సెయ్యాలని నాకెప్పట్నుంచో ఉన్నాది. అడిగితే సైటు అంటావు. ఇల్లు కదలనని నువ్వే రాసిచ్చినావు, సీలేసి మరీ. ఇంకేటి కావాల నాకు?" అని నా చెంప మీద చెమట కొంగుతో తుడిచింది. "పిచ్చి బావా, నిజం సెప్పుంటే నానే నిన్ను లాప్‌టాప్ ముందు కూకోబెట్టుదును."

చెయ్యి కడుక్కుందామని, ఎప్పుడూ వాడని రెండో బాత్‌రూం తలుపు తీశాను. తలుపు వెనక రెండు పెద్ద డ్రమ్ములు. నిండుగా నీళ్ళు.

"ఇవి ఎప్పుడు పట్టావు?"

"శుక్రవారం."

"మరి నేను నాలుగంతస్తులు ఎందుకు మోశాను?"

"నువ్వు మొయ్యాల గదా మరి" అంది కుసుమ.

అసోసియేషన్ మీటింగులో నాకు శిక్ష వేశారు. మోటారు బాగుచేయించడం, ఏడాదిపాటు నోటీసులన్నీ నేనే తయారుచేయడం. కష్టమేముందిలే అనుకున్నాను. పోయిన నెల నిజంగానే ట్యాంకు కడిగే పని పడింది. నోటీసు పెట్టాను. నలభై ఎనిమిది ఫ్లాట్లలో ఒక్కరూ బకెట్ కదపలేదు. అంటించిన చోట నిలబడి నవ్వుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు.

ఇప్పుడు నోటీసు పడిందంటే ఇంటింటికీ తిరిగి నేనే చెప్పాలి. తలుపు కొడతాను. "అయ్యా, ఇది నిజం నోటీసేనండి. ఆదివారం నీళ్ళు రావు" అంటాను. వాళ్ళు నా మాట వినరు. నా భుజం మీంచి వెనక్కి చూస్తారు. అక్కడ కుసుమ నిలబడి ఉంటుంది. ఆమె తల ఊపితే, అప్పుడు వెళ్ళి బకెట్లు పట్టుకుంటారు.