నోరు విప్పని నటికి ఘన సన్మానం

సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకున్న మా పల్లెలో ఆడపిల్లలు సినిమాల్లో నటించడం నిషిద్ధం. మా అమ్మాయి తనూజ మాత్రం కులపెద్దల సంపూర్ణ ఆమోదంతో హాస్యనటి అయింది. తల్లిగా ఇందులో నా కృషి ఏమీ లేదు. ముందస్తుగా ఏడ్చి పెట్టుకున్నానంతే.

పలాసలో కొందరు కుర్రాళ్లు సెల్‌ఫోన్లలో చూసుకునే చిన్న చిన్న మూకీలు తీస్తారు. మాటలుండవు, పడడాలూ లేవడాలూ ఉంటాయి. అందులో వేషానికి మా పిల్లను అడిగారు. సంగతి పెద్దల కూటానికి వెళ్లింది. కూటంలో ఆడవాళ్లు వెనక నిలబడవచ్చు గాని మాట్లాడకూడదు. చెప్పేదేమైనా ఉంటే ఇంటి మగవాడు చెబుతాడు. మా ఆయన పోలారావు లేచి, ఆ సినిమాల్లో అసలు మాటలే ఉండవని విన్నవించాడు.

కూటం పెద్ద రమణమూర్తిగారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. "నోరిప్పని ఆడపిల్ల వల్ల ఊరికి నష్టమేటి? ఆడనియ్యండి. నోరిప్పిన్నాడు మాత్రం ఆట కట్టు."

ఆ విధంగా కళాసేవ మొదలైంది. ఒక సినిమాలో పీత లంగా పట్టుకుంటే మా పిల్ల తీరమంతా పరిగెత్తింది. ఇంకోదాంట్లో వలలో చిక్కుకుంటే చేపలతోపాటు దాన్నీ వేలం వేశారు. లోకం పడీపడీ నవ్వింది. నేను మాత్రం షూటింగుకు ముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేదాన్ని, వచ్చాక ఎముకలు తడిమి చూసేదాన్ని. వాడని పడవ ఇంజనులా గొంతు తుప్పు పడుతుందేమోనని టెక్కలి కూడా తీసుకెళ్లాను. డాక్టరు దాని గొంతు చూసి నాకు బీపీ మాత్రలు రాశారు.

పీత సినిమాకి బహుమతి రాగానే ఊరు సన్మానం తలపెట్టింది. రమణమూర్తిగారు శాలువా కప్పి ప్రసంగించారు. "నేటి యువతులందరికీ మన తనూజ ఆదర్శం. పేరొచ్చింది గాని నోరు రాలేదు." అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే.

దండం పెట్టి దిగిపోవాల్సిన పిల్ల మైకు అందుకుంది.

"పెద్దలకి దండాలు. పడవ తిరిగి రాకపోతే గట్టు మీద ఏడిసేది మేమే. మా మాట మేమే సెప్పుకుంటాం, కూటంలో మాకూ సోటియ్యండి."

రమణమూర్తిగారి కనుబొమలు పైకి లేచాయి. నా కళ్లముందు దాని వేషాలు ఆగిపోయాయి, ఊరు మమ్మల్ని వెలేసింది, మా ఆయన పడవ ఒడ్డునే కుళ్లిపోయింది. ఇదంతా ఒక్క రెప్పపాటులో. పక్కనే మైకుసెట్టు ఉంది. ప్లగ్గు పీకేశాను.

తనూజ ఆపలేదు. పెదాలు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మాట మాత్రం ఎవరికీ అందలేదు. ముందు వరస గొల్లున నవ్వింది. తర్వాత ఊరంతా నవ్వింది. ఏం యాక్టింగు, ఏం యాక్టింగు అంటూ రమణమూర్తిగారు కళ్లు తుడుచుకుని, ఇకపై ఏ సినిమాకీ కూటం అనుమతి అక్కర్లేదని అక్కడికక్కడే ప్రకటించారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికొచ్చాక అడిగింది. "అమ్మా, మైకు నువ్వే ఆపీసినావు కదా?"

"కరెంటు పోనాదే."

"మరి లైట్లెలా ఎలిగినాయి?"

అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. ఇంట్లో కూడా మూకీయే.

మైకు ఆగాక ఎవరో తీసిన ఆ సన్మానం వీడియో దాని సినిమాలన్నిటినీ మించిపోయింది. మీరూ చూసే ఉంటారు. కింద వేలమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పిల్ల ఏం చెబుతోందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.