బోల్లెకు జాకెట్, బావకు గాలి

కుక్కకు లైఫ్ జాకెట్ తొడిగి, తాను మాత్రం ఉత్త చొక్కాతో స్పీడ్ బోట్ నడిపే మగవాడిని మించిన త్యాగమూర్తి ఈ భూమ్మీద లేడని నా నిశ్చితాభిప్రాయం! మీరు నవ్వుకున్నా సరే, నేను వెనక్కి తగ్గను.

ఆ త్యాగమూర్తి మా బావ యెర్ముండ్. మా అక్క తోర్డిస్ మొగుడు. కుక్క పేరు బోల్లె, మా భాషలో బన్ను అని అర్థం. ఆకారమూ అదే. నార్వే దక్షిణ తీరాన మా రేవులో ఎవరిని అడిగినా ఈ ముగ్గురినీ చూపిస్తారు. యాభై నాట్ల వేగంతో, అంటే గంటకు తొంభై కిలోమీటర్ల పైమాటే, దీవుల మధ్య దూసుకుపోయే బావ, పక్క సీట్లో నారింజ రంగు జాకెట్‌లో దర్జాగా కూర్చున్న బోల్లె, రేవు చెక్కల మీద గుండె చిక్కబట్టుకుని నిలబడ్డ మా అక్క.

బావ ఒక్కడే అనుకునేరు! పెట్రోల్ పంపు దగ్గర గుమిగూడి, రొయ్యలు ఒలుచుకు తింటూ, ఎవరి ఇంజిన్‌కు ఎన్ని గుర్రాల బలమో చెప్పుకునే వీరులు మా రేవు నిండా ఉన్నారు. వీళ్లను జాకెట్ వేసుకోమని వేధించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల బాధ ఒక్కసారైనా అడిగారా?

మాకు ఎండ దొరికేదే కాసిని రోజులు. ఆ నాలుగు రోజులూ జాకెట్ కట్టుకు తిరిగితే భుజాల మీద తెల్లటి పట్టీలు పడవూ? ఆ పట్టీలతో చలికాలమంతా ఆఫీసు వాళ్లతో కలిసి ఆవిరి స్నానానికి ఎలా వెళ్తాడు మనిషి? పరువు పోయాక ప్రాణం ఉండి ఏం లాభం, మీరే చెప్పండి!

చట్టాన్ని లెక్కచేయరు అనడం కూడా అన్యాయమే. ఎనిమిది మీటర్ల లోపు పడవలో వెళ్లేటప్పుడు జాకెట్ వేసుకుని తీరాలని మా చట్టం. చట్టమంటే మా బావకు ఎంత గౌరవమంటే, ఆ మాట వినగానే పాత పడవ అమ్మేసి, ఎనిమిది మీటర్లకు జానెడు ఎక్కువున్న కొత్త పడవ కొన్నాడు. ఇక ఏ పోలీసూ అడగడానికి లేదు. నీళ్లలో పడ్డవాడిని సముద్రం కూడా ముందు అదే అడుగుతుంది కాబోలు, “నాయనా, నీ పడవ పొడవెంత?” అని.

జాకెట్లు కొనలేదా అంటే, కొన్నాడు! మంచివే కొన్నాడు. ప్లాస్టిక్ కవరైనా చింపకుండా సీటు కింద పెట్టి తాళం వేశాడు. మా అమ్మమ్మ పింగాణీ కప్పులకు కూడా ఇంత భద్రత లేదు.

ఇలాంటి పడవల్లో ఒక తాడు కూడా ఉంటుంది. దాని ఒక కొస ఇంజిన్‌కు, ఇంకో కొస నడిపేవాడి కాలికి. మనిషి పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. బావ దాన్ని తీసుకెళ్లి స్టీరింగ్‌కే కట్టాడు. స్టీరింగ్ ఎక్కడికీ దూకి పారిపోకుండా అన్నమాట! ఇంత ముందుచూపు ఎవరికుంటుంది?

నాకొక పాత చెక్క పడవ ఉంది. టుక్ టుక్ మంటూ వెళ్తుంది. వెళ్తుంది అనడం కొంచెం అతిశయోక్తి. బావ నన్ను దాటిన ప్రతిసారీ వేగం తగ్గించి మరీ పలకరిస్తాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, ఆ జాకెట్ ఏంట్రా? ఇంట్లో స్నానాల తొట్టిలోకీ దాంతోనే దిగుతావా?”

“ఉంటే నష్టమేంటి బావా?”

“ఈత రాదా నీకు?”

“వచ్చు. తలకి దెబ్బ తగిలి స్పృహ పోతే ఆ ఈత ఎవడికి గుర్తుంటుంది?”

“ఓస్లో వాడిలా మాట్లాడకు!”

రాజధానివాడు అనడాన్ని మించిన తిట్టు మా రేవులో లేదు. నేను నోరు మూసుకునేవాణ్ణి.

అక్క మాత్రం మూసుకునేది కాదు. “నీ స్పీడు నీ ఇష్టం. ఆ చొక్కా మీద అదొక్కటి తొడుక్కో మహానుభావా!” అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

“బోల్లెకి వేశాను కదే!”

“అదీ నువ్వూ ఒకటేనా?”

“పాపం నోరు లేని జీవి. ప్రమాదమంటే ఏంటో దానికి తెలీదు కదా!” అంటూ బోల్లె పొట్ట కింద బకిల్ బిగించి, వీపు మీది పిడి పట్టుకుని లాగి చూసి, తృప్తిగా తలూపేవాడు. ఆ పిడి కుక్కను నీళ్లలోంచి పైకి లాగడానికి పెట్టింది. మనుషుల సంగతి కంపెనీ వాళ్లకు తట్టలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. జూన్ మొదట్లో, మా నీళ్లింకా ఒళ్లు కొరికేసే చలితో ఉన్నప్పుడు, పెద్ద ఫెర్రీ లేపిన అల మీదికి బావ పడవ ఎక్కింది. పడవ ఎగిరింది. బావా, బోల్లె కూడా ఎగిరారు. తాడు స్టీరింగ్‌కే ఉంది కాబట్టి పడవ మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా తన దారిన పోయి బండరాళ్లెక్కి కూర్చుంది.

నేను చాలా దూరంలో గాలం వేసుకుని ఉన్నాను. నాకు కనిపించింది ఒక్కటే, నీళ్ల మీద నారింజ రంగు చుక్క. అయ్యో బోల్లె పడిపోయిందే అనుకుని బయల్దేరాను. అవును, నేను వెళ్లింది కుక్క కోసం. బావ అక్కడ ఉన్నాడని దగ్గరికి వెళ్లేదాకా నాకు తెలియదు.

బోల్లె ఈదుతోంది. దాని వీపు మీది పిడిని పట్టుకుని బావ వేలాడుతున్నాడు. గడ్డం దాకా నీళ్లు. పెదాలు నీలం రంగు. నా వంక చూశాడు కానీ నేనెవరో పోల్చుకున్నట్టు లేదు. పడవలోకి లాగాక కూడా పిడి వదల్లేదు, వేళ్లు ఒక్కొక్కటిగా నేనే విడదీయాల్సి వచ్చింది. అక్కకు ఏమని చెప్పాలో అన్న ఒక్క ఆలోచనే నా బుర్రలో తిరిగింది, ఆ భయం నాకింకా పోలేదు.

మొత్తానికి బావ బతికి బట్టకట్టాడు. ఇప్పుడు చెప్పండి, మనిషికి జాకెట్ అవసరమా? కుక్క ఉంటే చాలదూ?

పడవ బాగై వచ్చిన రోజు బావ పొద్దున్నే సామాన్ల కొట్టుకు వెళ్లాడు. పెద్ద సంచీతో వస్తున్నాడని కబురు ఆయనకన్నా ముందే ఇంటికి చేరింది. అక్క కళ్లు తుడుచుకుని, వాఫుల్స్ అనే తీపి అట్లు వేసి, వాటి మీద గోధుమరంగు చీజ్ కోసి పెట్టింది. నన్ను కూడా పిలిచింది. బావ సంచీ విప్పాడు. సరికొత్త నారింజ రంగు జాకెట్!

కుక్కది. ముందుదానికన్నా రెండు సైజులు పెద్దది. వీపు మీద పిడులు రెండు.

“ఇదైతే ఇద్దరినీ మోస్తుంది. కొట్టువాడినడిగి మరీ తెచ్చాను!” అన్నాడు బావ గర్వంగా.

అక్క వాఫుల్ పెనం ఆపేసింది.

రేవులో బోల్లెకు ఆ కొత్త జాకెట్ తొడిగాడు. బోల్లె పడవను చూసింది. బావను చూసింది. తర్వాత నాలుగు కాళ్లూ చాపుకుని రేవు చెక్కలకు అతుక్కుపోయింది. లివర్ పేస్ట్ పూసిన రొట్టె చూపించాడు. అంత తిండిపోతు బోల్లె ముఖం తిప్పుకుంది! ప్రమాదమంటే ఏంటో తెలియని నోరు లేని జీవి, మరి!

“సరే పో, పిరికిదానా! నేనొక్కణ్ణే వెళ్తా!” అని బావ ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

నిన్న వెళ్లాడు. ఇవాళ కూడా వెళ్లాడు. జాకెట్‌లో బోల్లె, గొలుసు పట్టుకుని అక్క రేవు చివర కూర్చున్నారు. బావ పడవ దీవి మలుపు తిరిగి చప్పుడు వినిపించకుండా పోగానే అక్క నా వైపు తిరిగింది.

“తమ్ముడూ, నీ పడవ స్టార్ట్ చేసి ఉంచరా.”

ఉంచాను. ఈ వ్యాసం ఆ పడవలో కూర్చునే రాస్తున్నాను. ఇంజిన్ టుక్ టుక్ మంటూనే ఉంది, నా కళ్లు మలుపు మీదే ఉన్నాయి.

బావా, ఈసారి నీళ్ల మీద నారింజ రంగేమీ ఉండదు. నేను దేన్ని చూసి రావాలి?