పీక మీదికొచ్చిన పీక

సెప్టెంబరు నెల. కొండవాలు మీద ఆస్పెన్ చెట్లు ఒళ్ళంతా పసుపు పూసుకున్న రోజులు. ఆ తెల్లవారుజాముకని ముగ్గురు స్నేహితులు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆల్డన్, కార్డెల్ విల్లులు పట్టుకుని ముందు కూర్చుంటారు. వెర్లిన్ వాళ్ళ వెనకాల చెట్ల మాటున కూర్చుని పెంటి ఎల్కు గొంతుతో పిలుస్తాడు. ఎల్కు అంటే గుర్రమంత ఎత్తుండే కొమ్ముల దుప్పి. జత కోసం పిచ్చెక్కి తిరిగే పోతు ఎల్కు ఆ పిలుపు విని, ప్రియురాలు ఎక్కడా అని వెతుక్కుంటూ వచ్చి, ఇద్దరిలో ఎవడో ఒకడి బాణం ముందు నిలబడుతుంది. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. చోటు లేనిచోట కూడా తప్పుని ఇరికించగల నేర్పు వెర్లిన్‌ది.

ఎల్కుని పిలిచే పీక బిళ్ళంత ఉంటుంది. రబ్బరు పొర. దాన్ని నాలుకతో అంగిట్లోకి అదిమిపట్టి ఊదాలి. అంగిలి దేవుడిచ్చిందైతే పీక బుద్ధిగా అంటుకుని కూర్చుంటుంది. వెర్లిన్ అంగిలి మాత్రం ఆ వేసవిలో పళ్ళ డాక్టరిచ్చింది. ఏటా సర్కారుకి పన్ను కట్టే వెర్లిన్ ఈ ఏడు తనకి తాను పళ్ళు కట్టించుకున్నాడు, పైవరస మొత్తం. ఈ సంగతి డాక్టరుకి, వెర్లిన్ భార్య నడీన్‌కి తప్ప ఇడాహో రాష్ట్రంలో ఎవరికీ తెలియదు. అతని టైర్ల దుకాణంలో పనిచేసే కుర్రాళ్ళకి కూడా, ఈమధ్య అయ్యగారు నవ్వడం తగ్గించారన్నంత వరకే తెలుసు.

దాచడానికి కారణం ఆల్డన్. స్కూలు బస్సు తోలే ఆల్డన్‌ని ఎప్పుడో ఒక గుర్రం మూతి మీద తన్నింది. అప్పట్నుంచీ అతనివి కట్టుడు పళ్ళు. అప్పట్నుంచీ వెర్లిన్‌కి అదే కాలక్షేపం. ఆల్డన్‌ని అతను పల్లెత్తు మాట అనేవాడు కాదు. పళ్ళెత్తి మాటలే అనేవాడు. మాంసం వడ్డిస్తే "ఆల్డన్‌కి వద్దు, వాడి పళ్ళకి సెలవు" అనేవాడు. ఒక ఏడు ఆ పళ్ళని అట్లపిండిలో దాచాడు. మొదటి అట్టు తిరగేసినప్పుడు అది ఆల్డన్‌ని చూసి నవ్వింది. అందరూ పొట్ట పట్టుకున్నారు. ఆల్డన్ కూడా నవ్వాడు, కానీ నెమ్మదిగా నవ్వాడు. నవ్వుతూ వెర్లిన్ కేసి చూసిన ఆ చూపు, ఈ వేసవిలో డాక్టరు కుర్చీలో పడుకున్నప్పుడు వెర్లిన్‌కి కళ్ళముందు ఆడింది.

"పోనీ చెప్పేయకూడదూ. వాళ్ళేమన్నా పరాయివాళ్ళా?" అంది నడీన్, బయల్దేరేముందు సంచి సర్దుతూ.

"పరాయివాళ్ళైతే చెప్పేవాణ్ణే. వీళ్ళు స్నేహితులు. నేను పోయాక సమాధి మీద కూడా చెక్కిస్తారు."

"మరి అక్కడ ఏం తింటావు?"

"మెత్తగా తింటాను."

"మెత్తగా మాట్లాడి ఉంటే ఈ బాధ ఉండేది కాదు," అని నడీన్ సంచి ముడి బిగించింది.

గుడారంలో మొదటి రాత్రే వెర్లిన్‌కి గుండె జారింది. దుప్పటి ముసుగులో పీక పెట్టి చూసుకుంటే అది నున్నటి ప్లాస్టిక్ మీద నిలవకుండా గొంతులోకి జారబోయింది. దాంతో తెల్లవారుజామున మిగతా ఇద్దరూ లేవకముందే ఒక ఉపాయం చేశాడు. కట్టుడు పళ్ళని చిగుళ్ళకి పట్టించే జిగురు ఉంటుంది కదా, ఆ గొట్టం తీసి పళ్ళకి రాశాడు, పీకకి రాశాడు. భయం కొద్దీ రెండింటికీ రెండోసారి కూడా రాశాడు. పళ్ళు చిగుళ్ళకి, పీక పళ్ళకి, అన్నీ కలిపి వెర్లిన్‌కి అంటుకుపోయాయి.

"రాత్రి చలికి నిద్రపట్టిందా?" అని ఆల్డన్ కాఫీ మరిగిస్తూ అడిగాడు.

వెర్లిన్ "ఆఁ" అన్నాడు. అన్నాననుకున్నాడు. బయటికి మాత్రం "మియ్యూఁ" అని వచ్చింది.

ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసే కార్డెల్ పెనం దింపి, "ఒరేయ్, ఆ అరిచింది నువ్వేనా? పోయినేడు నువ్వు ఊదితే గేటు కీలు కిర్రుమన్నట్టుండేది కదరా," అన్నాడు.

అనుకోకుండా వచ్చిందని చెప్పబోయాడు వెర్లిన్. పొట్టిగా రెండు, పొడుగ్గా ఒకటి, మూడు కూతలు వచ్చాయి. ఎల్కుల భాషలో దానర్థం "ఒంటరిగా ఉన్నాను, ఆలస్యం చెయ్యకు" అని.

"చూశావా ఆల్డన్, లేచిన దగ్గర్నుంచీ వేషంలోనే ఉన్నాడు," అన్నాడు కార్డెల్ మెచ్చుకోలుగా.

"మాట్లాడడేం మరి?"

"పీక తీస్తే అంగిలి ఆరిపోతుంది. తెలిసినవాళ్ళు తియ్యరు." కార్డెల్‌కి తెలియని విషయం ఉండదు. తెలియకపోతే అప్పటికప్పుడు తెలుసుకుంటాడు, తన దగ్గరే.

వెర్లిన్ అవునని తలూపాడు. ఆ తలూపుతోనే తన ఉరికి తనే ముడివేసుకున్నాడు. చెట్ల వెనక్కి పోయి లాగి చూశాడు. పీక పళ్ళని వదల్లేదు, పళ్ళు చిగుళ్ళని వదల్లేదు. వేడినీళ్ళు పుక్కిలిస్తే వదులవుతుంది. వేడినీళ్ళు పొయ్యి మీదున్నాయి. పొయ్యి పక్కన ఆల్డన్ ఉన్నాడు. తన పళ్ళు తాను నీళ్ళలో వేసి తోముకుంటూ, ప్రపంచంలో ఇలాంటి నీళ్ళు ఎవరెవరు వాడతారో క్షుణ్ణంగా తెలిసిన మనిషి. వెర్లిన్ వేడినీళ్ళకి నీళ్ళొదిలేసుకున్నాడు.

కొండ ఎక్కడం మొదలైంది. యాభై దాటిన మనిషి కొండ ఎక్కితే ఊపిరి పోతుంది, వస్తుంది. వెర్లిన్ ఊపిరి పోయినప్పుడల్లా ఒక పెంటి ఎల్కు నిట్టూర్చింది. బిగబట్టి నడిచాడు. బిగబట్టిన ఊపిరి మరింత గట్టిగా పోయింది, నిట్టూర్పు కాస్తా ఏడుపైంది.

"ఇప్పుడే కాదురా, దాచుకో," అని కార్డెల్ గుసగుసగా కసిరాడు.

దాచుకోవడానికే వెర్లిన్ తెల్లారిన దగ్గర్నుంచీ చస్తున్నాడు.

అప్పుడు పై గట్టు మీంచి జవాబొచ్చింది. సన్నగా మొదలై, ఈలలా పైకి లేచి, చివర్న గొంతులోంచి నాలుగు గుర్రులతో దిగింది. అంత గొంతుంటే దాని వెనక ఎంత మెడ ఉండాలో, ఆ మెడ మీద ఎన్ని కొమ్ములుండాలో లెక్కేసుకుని ముగ్గురూ నిలబడిపోయారు.

"పెద్దది," అన్నాడు ఆల్డన్.

"మనవాడి మీద మనసు పడింది," అన్నాడు కార్డెల్. "నువ్విక్కడే కూర్చుని పిలుస్తూ ఉండు. ఏం జరిగినా ఆపకు."

ఆపడం తెలిస్తే వెర్లిన్ పొద్దున్నే ఆపేవాడు. వాళ్ళిద్దరూ గాలివాటు చూసుకుని చెరో పక్కకీ వంగి వెళ్ళిపోయారు. వెర్లిన్ ఒంటరిగా ఒక దుంగ మీద కూర్చున్నాడు. చెట్లలో కొమ్మ విరిగింది. భయం వేసింది. భయానికి ఊపిరి జోరందుకుంది, ఊపిరికి పీక పలికింది, పీకకి పోతు ఉరికింది, పోతు ఉరుకుడికి వెర్లిన్‌కి మళ్ళీ భయం వేసింది. ఆ కొండ మీద అంత విరహం ఒలకబోసిన పెంటి అంతకుముందు పుట్టి ఉండదు.

పోతు రావలసిన దారి ముందువైపు. విల్లులున్నది అటే. అది వెనకవైపు నుంచి వచ్చింది. ముందు కంపు వచ్చింది, తర్వాత కొమ్ములు, ఆ తర్వాత మిగతా ఎల్కు. బురదలో, తన మూత్రంలో పొర్లి అలంకరించుకుని పెళ్ళికొడుకులా వస్తోంది. మోకాళ్ళకి పెంటి వాసన మందు రాసుకున్నానన్న సంగతి వెర్లిన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. విల్లు పట్టి వేటకొచ్చేవాడు ముందు ఇంట్లో విల్లు రాసి రావాలన్న సంగతి కూడా. ఎల్కు కోసం వచ్చినవాడు ఎలకలా వంగి, పక్కనున్న చిన్న ఫిర్ చెట్ల గుబురులోకి దూరిపోయాడు. దూరుతున్నంతసేపూ మియ్యూఁ, మియ్యూఁ అంటూనే ఉన్నాడు.

కార్డెల్‌కి ఆ చప్పుడు వినిపించింది. వెర్లిన్‌ని దుంగ మీద కూర్చోబెట్టి వచ్చాడు. ఈ కూత వస్తున్నది దుంగ మీంచి కాదు, గుబురులోంచి. పైగా కదులుతోంది. అంటే ఇది నిజమైన పెంటి. కార్డెల్ పర్మిట్‌కి పోతైనా ఒకటే, పెంటైనా ఒకటే. ఇంట్లో ఫ్రీజర్ ఖాళీ అని భార్య రోజూ దాని తలుపు తెరిచి చూపిస్తోంది. అతను అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, ఆకుల సందుల్లోంచి చూశాడు. వెర్లిన్ ఉన్ని పంట్లాం వెనకభాగం గోధుమరంగులో నిండుగా కనిపించింది.

కార్డెల్ విల్లు లాగాడు. అతను తొందరపడే మనిషి కాదు. జంతువు స్పష్టంగా కనబడందే బాణం వదలడు. అందుకని చివరిదాకా లాగి, స్పష్టత కోసం ఓపిగ్గా కాచుకున్నాడు.

వెర్లిన్ మెడ తిప్పాడు. ఆకుల సందులో ఒక కన్ను, ఆ కంటి ముందు ఒక బాణం. "నేనురా, వెయ్యకు" అని అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అంత తియ్యగా ఎప్పుడూ కూయలేదు. కార్డెల్ మొహం మెత్తబడింది. చెయ్యెత్తాడు వెర్లిన్. గోధుమరంగు తొడుగున్న ఆ చెయ్యి ఆకుల్లో అటూ ఇటూ ఆడింది. పెంటి చెవి విదిలిస్తోందనుకుని కార్డెల్ గురి కొంచెం సర్దుకున్నాడు. లేచి నిలబడదామంటే వెనక పోతు కొమ్ములతో ఫిర్ చెట్టు బెరడు ఒలుస్తోంది. దాని ఊపిరి వెర్లిన్ వీపుకి వెచ్చగా తగులుతోంది. ముందు బాణం, వెనక బావగారు.

దారి ఒక్కటే ఉంది. పళ్ళు పీకేస్తే గొంతు వస్తుంది. గొంతొస్తే ప్రాణం దక్కుతుంది. కానీ పళ్ళు దక్కవు. అవి చేతిలో పట్టుకుని మాట్లాడితే కార్డెల్ చూస్తాడు, కార్డెల్ చూస్తే ఆల్డన్‌కి తెలుస్తుంది, ఆల్డన్‌కి తెలిస్తే ఇన్నాళ్ళ అట్లకీ అటూ ఇటూ దోరగా కాలుస్తాడు. ప్రాణానికీ పరువుకీ మధ్య ఎన్నుకోవడానికి తెలివైనవాడికి రెప్పపాటు చాలు. వెర్లిన్‌కి రెండు మూడు రెప్పలు ఎక్కువే పట్టింది. ఈలోగా కార్డెల్ చెయ్యి బరువుకి వణకడం మొదలైంది.

వెర్లిన్ రెండు చేతులూ నోట్లో పెట్టి లాగాడు. పొద్దున లాగింది సిగ్గుతో, ఇప్పుడు లాగింది చావుభయంతో. బురదలోంచి బూటు ఊడినట్టు చప్పుడైంది.

"కార్దెల్, నేనుడా, హెర్లిన్‌ని, హాగు, హాగు."

పెంటి తన పేరు పెట్టి పిలవడంతో కార్డెల్ విల్లు దించేశాడు. దించి, నేల మీద కూర్చుండిపోయాడు. పోతు కూడా అదిరిపడింది. పెళ్ళికూతురి ముసుగులోంచి టైర్ల దుకాణం యజమాని బయటపడితే ఏ పెళ్ళికొడుకైనా అదిరిపడతాడు. గుబురు దాటి ఒక్క ఉరుకులో ఖాళీ జాగాలోకి పోయి, మనసొప్పక వెనక్కి చూడబోయి, మళ్ళీ పోబోయి, ఊగిసలాడుతోంది.

ఆ ఖాళీ జాగా అంచున, దేవదారు మొదలుకి ఆనుకుని ఆల్డన్ ఉన్నాడు.

ఆల్డన్ వెర్లిన్‌ని చూశాడు. వెర్లిన్ చేతిలో మెరుస్తున్న గులాబీరంగు చిగుళ్ళనీ, వాటికి అంటుకున్న తెల్లటి వరసనీ చూశాడు. ఆల్డన్ చెయ్యి పైకి లేచింది. వేలు తన నోటి వైపు చూపించి, తర్వాత పోతు వైపు చూపించి, మళ్ళీ నోటి వైపు చూపించింది. తోసెయ్, పెట్టెయ్, పిలువు.

వెర్లిన్ ఆకులంటుకున్న పళ్ళని అలాగే నోట్లో తోసుకుని, మిగిలున్న భయమంతా పోసి ఊదాడు. పోతు ఆగిపోయింది. పక్కకి తిరిగింది. ఆల్డన్ బాణం వెళ్ళింది, తగలవలసిన చోటే తగిలింది. పోతు చెట్లలోకి దూసుకుపోయింది.

బాణం తగిలిన జంతువు వెనక వెంటనే పరిగెత్తకూడదు. కదలకుండా, మాట్లాడకుండా అరగంట కూర్చోవాలి. వేటగాళ్ళ నియమం. ముగ్గురూ ఒకే దుంగ మీద వరసగా కూర్చున్నారు, మధ్యలో వెర్లిన్. కార్డెల్ పెదాలు బిగబట్టి ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆల్డన్ తాపీగా బూటు లేసు కట్టుకున్నాడు, విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. వెర్లిన్ ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఒక కూత. పళ్ళబిగువున ఆపుకుందామంటే ఆ పళ్ళే కూస్తున్నాయి. ఉరిశిక్ష చదవబోయే జడ్జి కూడా ఇంతసేపు బూటు లేసు కట్టుకోడు.

పోతు దొరికింది. నూరు గజాల దూరంలో, పెద్ద కొండలా పడి ఉంది. ఆల్డన్ దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు తల వంచుకుని ఉండి, లేచి, వెర్లిన్ ముందుకొచ్చి అరచెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు."

వెర్లిన్ ఇచ్చాడు. ఆల్డన్ వాటిని చొక్కాకి తుడిచి, వెలుతురులో పెట్టి, పైకీ కిందకీ తిప్పి చూశాడు. వెర్లిన్ కళ్ళు మూసుకున్నాడు.

"ఏ జిగురురా ఇది?" అన్నాడు ఆల్డన్.

"ఆఁ?"

"నాది పెట్టగానే జారిపోతుంది. ఎన్నేళ్ళనుంచో పీక ఊదుదామంటే నిలవక, మీ ఇద్దరి ముందూ అడగలేక ఊరుకున్నాను. గొట్టం ఏదీ?"

వెర్లిన్ జేబులోంచి గొట్టం తీశాడు. ఆల్డన్ అక్కడే, పోతు పక్కనే, తన పళ్ళు తీసి, తుడిచి, తన పీకకి జిగురు రాసి అతికించాడు. పెట్టుకుని ఊదాడు. ఎదుటి కొండ మీంచి రెండు పోతులు ఒకేసారి బదులిచ్చాయి. ఆల్డన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత మాంసం మూటలు మోసుకుంటూ దిగుతుంటే వెర్లిన్, ఆల్డన్ దారిపొడుగునా ఒకరితో ఒకరు కూతల్లోనే మాట్లాడుకున్నారు. మధ్యలో కార్డెల్ ఏదో అడిగితే ఇద్దరూ జాలిగా చూశారు.

మరుసటి ఏడు చుట్టుపక్కల గుడారాలవాళ్ళు కూడా పిలుపు నేర్పమని వీళ్ళ దగ్గరకి రావడం మొదలుపెట్టారు. కార్డెల్ కూడా ఆ జిగురు కొని, తన అంగిలికి రాసుకుని ప్రయత్నించాడు. పొలమారి, తుమ్మి, పీకని పొయ్యిలో పడేశాడు. చలికాలంలో ఎవరికీ చెప్పకుండా పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళి పైవరస మొత్తం తీసెయ్యమన్నాడు. డాక్టరు దీపం పెట్టి చూసి, ఒక్కటి కూడా పుచ్చలేదని చెప్పి, కోపంగా పంపేశాడు.

కార్డెల్‌కి సొంత పళ్ళున్నాయన్న ప్రస్తావన ఇప్పుడు గుడారంలో అతని ముందు ఎవరూ తేరు.