పొగ వస్తోంది, కంగారు పడకండి

ఆ రోజు పొద్దున సైన్సు టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మొదటి ట్రిప్పు పిల్లల్ని దింపాక, రెండో ట్రిప్పుకు బయల్దేరేలోగా ఆరు స్కూలు బస్సులూ ఇరవై నిమిషాలు ఆవరణలో ఆగుతాయి. ఆగడమంటే చక్రాలే ఆగుతాయి. ఇంజన్లు మాత్రం గుడగుడలాడుతూనే ఉంటాయి. ఆ డీజిలు పొగంతా తిన్నగా ఒకటో తరగతి కిటికీల్లోంచి లోపలికి పోతుంది. ఆ ఇరవై నిమిషాలూ ఇంజన్లు ఆపించాలి. అంతే పథకం.

అంత చిన్న పనికే ఆవిడకు తెల్లవారుజాము నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. రెండుసార్లు కాఫీ కలిపి రెండుసార్లూ తాగడం మరిచిపోయింది. ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుంటుంటే భర్త చూశాడు.

"ఇంజన్లు ఆపడానికే కదా వెళ్తున్నావు? విమానం నడపడానికి కాదుగా?"

నవ్వే ఓపిక లేదు ఆవిడకు. మూడేళ్లుగా హెడ్మిస్ట్రెస్‌గారికి పెట్టుకున్న అర్జీలు ఫైల్లో గురకపెట్టి నిద్రపోతున్నాయి. "గాలాడకపోతే ఫ్యాను వేసుకోండి" అన్నదొక్కటే వాటికి దక్కిన జవాబు. ఈ ఏడు ఒకటో తరగతిలో ఉబ్బసం ఉన్న పిల్ల ఒకతె చేరింది. అందరికీ చిట్టి. వాళ్ల నాయనమ్మ రోజూ పొద్దున్నే ఇన్‌హేలరు టీచరు చేతిలో పెట్టి, "ఇంటి దగ్గర దీని అవసరమే రాదమ్మా, ఇక్కడికొస్తేనే దానికి ఆయాసం" అంటుంటే ఆవిడకు తల తీసేసినట్టుండేది.

హెడ్మిస్ట్రెస్‌గారు తొమ్మిదికి గానీ రారు. ఆలోగా పని కానిచ్చెయ్యాలని టీచరు డ్రైవర్లను పోగుచేసి బతిమాలింది. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద డ్రైవరు తల గోక్కున్నాడు.

"ఆపుతామమ్మా, దానికేం. నా మూడో నంబరు బండి మాత్రం వద్దు. బ్యాటరీ ప్రాణం పోయి నెలైంది. పొద్దున తోస్తే లేచింది. ఇప్పుడు ఆపితే మళ్లీ లేవదు."

"వంక కావాలనుకుంటే దొరక్కపోతుందా బాబాయ్? అన్నీ ఆపాల్సిందే."

"మీ ఇష్టం," అంటూ ఆయన తాళం తిప్పాడు. ఆఖరున వచ్చిన ఆ బండి సగం గేటు లోపల, సగం బయట ఉంది. ఆ సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఆరు ఇంజన్లూ ఆగాయి. ఒకటో తరగతి పిల్లలు వల్లిస్తున్న రెండో ఎక్కం మొదటిసారిగా ఆవరణలోకి వినిపించింది. టీచరుకు కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం సరిగ్గా ఇరవై నిమిషాలు నిలిచింది.

మూడో నంబరు దగ్గింది, మూలిగింది, ఊరుకుంది. లోపలున్న అయిదు బస్సులూ స్టార్టు చేసుకుని, దారిలేక, హారన్లు కొడుతూ పొగ చిమ్మడం మొదలెట్టాయి.

"నే చెప్పలా?" అన్నాడు బాబాయ్. గొంతులో బాధ కన్నా తృప్తే ఎక్కువగా ఉంది.

ఈలోగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మోగిపోతోంది. బస్సేదీ, ఇంకా రాలేదేం, పిల్లలు స్టాపులో నిలబడ్డారు. టీచరు గబగబా టైపు చేసింది: "ఒకటో తరగతి గదిలోకి పొగ వస్తోంది. అందుకే బస్సులు ఆపాం. ఎవరూ కంగారు పడకండి."

కంగారు పడకండి అన్న మాట చదివి కంగారు పడని మనిషి ఇంకా పుట్టలేదు.

"ఎక్కువ పొగా?" అని ఒక తండ్రి అడిగాడు. అబద్ధం ఆవిడకు చేతకాదు. "చాలా" అని పంపింది. "మూడేళ్లుగా వస్తోంది" అన్నది టైపు చేస్తుండగా బాబాయ్ కేకేశాడు. ఆ రెండు ముక్కలూ ఫోన్లోనే ఉండిపోయాయి.

పావుగంట తిరక్కుండా బడి సందులో తల్లిదండ్రుల బండ్లు నలభై. తలుపులు తెరిచి పరిగెత్తుకొచ్చేవాళ్లకు ఇంజను ఆపాలని ఎక్కడ గుర్తుంటుంది? నలభైకి నలభై బండ్లూ పొగ కక్కుతున్నాయి. ఇప్పుడు గది నిజంగానే మసకబారింది. టీచరు పరుగున వెళ్లి పిల్లల్ని వెనక మైదానంలోకి తోలింది. చిట్టికి ఎగశ్వాస మొదలైంది. ఇన్‌హేలరు పట్టి, వీపు నిమురుతూ, ఆ చిన్న గుండె నెమ్మదించేదాకా ఆవిడ తన ఊపిరి బిగబట్టుకుంది.

కాస్త తేరుకున్నాక చిట్టి అడిగింది: "టీచర్, ఇవాళ సెలవా?"

ముక్కుకు రుమాళ్లు కట్టుకుని పరిగెత్తే పిల్లల్ని గోడమీదుగా చూసిన తల్లులు గొల్లుమన్నారు. ఎవరో ఫైరింజన్ను పిలిచారు. అది వచ్చింది గానీ, గేటులో మూడో నంబరు.

"ముందా బస్సు తియ్యండయ్యా!" అని అరిచాడు ఫైరాఫీసరు.

డ్రైవర్లూ, పదిమంది తండ్రులూ వెనకనుంచి తోశారు. పది గజాలు కదిలాక బండి ఒక్క ఉలుకు ఉలికి లేచింది. లేస్తూ నెలరోజుల మసి వాళ్ల ముఖాలమీద ఊదింది. ఆకాశానికి లేచిన ఆ నల్లమబ్బు చూసి, ఇంకేం ఆలోచిస్తామని ఫైరు సిబ్బంది గొట్టం తిప్పేశారు. సరిగ్గా అప్పుడే వచ్చిన హెడ్మిస్ట్రెస్‌గారు మధ్యలోకి నడిచారు. "ఏమిటీ" అన్నంతవరకే వినిపించింది. "గోల" నీళ్లలో కలిసిపోయింది.

టీచరు ఇక దాక్కోలేదు. ఆఫీసరు ఎదుటికొచ్చి నిలబడింది.

"తప్పు నాదేనండీ. మంట లేదు. ఉత్త పొగే."

"ఉత్త పొగా?"

"అవునండీ. రోజూ ఉండేదే."

ఆయన నేరుగా ఒకటో తరగతిలోకి వెళ్లాడు. కిటికీ గట్టుమీద వేలితో గీశాడు. వేలు నల్లగా వచ్చింది. బయటికొచ్చి మసిబారిన తండ్రులకు చూపించాడు. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అయిదు నిమిషాలు తోసినందుకే మాకు ఊపిరాడలేదు," అన్నాడొకాయన దగ్గుతూ. "పిల్లలు రోజూ దీన్నే పీలుస్తున్నారా?"

ఆఫీసరు హెడ్మిస్ట్రెస్‌గారి వైపు తిరిగాడు. "నిజంగా మంటే అంటుకునుంటే మా బండి లోపలికెలా వచ్చేది? రేపట్నుంచి బస్సులన్నీ మైదానం అవతల, ఇంజన్లు ఆపి ఉండాలి. గేటు దగ్గర ఒక్క బండి కనబడినా బడికి తాళం వేయిస్తా."

"అలాగేనండీ," అన్నారావిడ కొంగు పిండుకుంటూ. మూడేళ్ల అర్జీలకు రాని మాట ముప్పై సెకన్లలో వచ్చింది.

మర్నాడు బస్సులు మైదానం అవతల చప్పుడు చేయకుండా నిలబడ్డాయి. బాబాయ్ కొత్త బ్యాటరీని అల్లుడిలా చూసుకుంటున్నాడు. కిటికీలు బార్లా తెరిచిన ఒకటో తరగతిలో నిలబడి టీచరు మెమో చదువుకుంది: అనవసరంగా భయాందోళనలు కలిగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. బయట నోటీసు బోర్డుమీద ఇంకో కాగితం: హెడ్మిస్ట్రెస్‌గారి మూడేళ్ల అవిశ్రాంత కృషి ఫలితంగా మన పాఠశాల నేటినుండి పొగరహితం. ఆవిడ నవ్వుకుని మెమోమీద సంతకం పెట్టింది.

కాగితం ఆదా అవుతుందని గుమస్తా రెండింటినీ ఒకే షీటుమీద టైపు చేసి, మధ్యకు చింపాడు.