కస్తూరమ్మ పిలుపులు

1983లో ఒక గురువారం ఉదయం అంజనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. హోసూరులో కస్తూరమ్మ అనే పెద్దావిడ పక్కన నాలుగు గంటలు కూర్చోవాలి. అంతే. కెలమంగలంలో పట్టుపురుగులకు రాత్రీ పగలూ మేత వేసిన మనిషికి అది పనే కాదు. నెగ్గితే ఆ ఇంట్లోనే నెలజీతం. తప్పితే సాయంత్రం బస్సుకు వెనక్కి, మళ్ళీ పరాయివాళ్ళ పురుగుల షెడ్డుకి.

రిటైరైన నర్సు పుష్పవతి తన ఇంటి హాల్లో ముగ్గురు ఆడవాళ్ళకు నెల రోజులు శిక్షణ ఇచ్చింది. మతి నిలవని పెద్దవాళ్ళను ఇంట్లో చూసుకోవడం ఎలాగన్నదే పాఠం. ఊరంతా చాదస్తం అనేదాన్ని ఆమె డిమెన్షియా అనేది. ఈ రోజు అంజనమ్మకు పరీక్ష.

"ఎదురు చెప్పొద్దు. ఆమె యాడికి పోతే నువ్వూ ఆడికే పో. ఎనకాల నిలబడి కన్ను గీటడం, సైగలు చేయడం కూడదు" అని కస్తూరమ్మ ఇంటి గుమ్మంలోనే హెచ్చరించి, పన్నెండుకు వస్తానని పుష్పవతి వెళ్ళిపోయింది.

కోడలు కోమల ఇంకో షరతు పెట్టింది. "మా అత్తకు మోకాళ్ళ నొప్పులని వీధిలో చెప్పినాము. జబ్బు సంగతి నీ నోట్లో నుంచి రాకూడదు." చక్కెర సంచీ తీసుకుని ఆమె రేషను క్యూకు పోయింది. కస్తూరమ్మ భర్త విశ్వేశ్వరయ్య, కొడుకు గోపాలయ్య అప్పటికే బట్టల కొట్టుకు పోయారు.

తొమ్మిదింటికి కస్తూరమ్మ లేచింది. పెట్టె తెరిచి పట్టుచీర కట్టుకుంది. కుంకుమ భరిణె చేతబట్టుకుంది.

"పా పాపా, పిలుపులకు పోవల్ల."

"ఏం పిలుపులమ్మా?"

"మా కోమలకు సీమంతం, పదకొండింటికి. మతిమరుపా ఏంది నీకు?"

కోమలకు నలభై అయిదేళ్ళు. ఆమె కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. అయినా అంజనమ్మ చెప్పులు తొడుక్కుంది.

మొదటి గడప పక్కింటి చిన్నమ్మది. కస్తూరమ్మ బొట్టు పెట్టి విషయం చెప్పగానే చిన్నమ్మ చేతిలో చీపురు జారిపోయింది.

"ఏ కోమలా, కస్తూరత్తా?"

"నాకెంతమంది కోడళ్ళే?"

చిన్నమ్మ అంజనమ్మ వైపు తిరిగింది. "నిజమామ్మా?"

కాదంటే పుష్పవతి మాట తప్పినట్టు. అసలు సంగతి చెబితే కోమల మాట తప్పినట్టు. రెండింటికీ మధ్య మిగిలిన ఒకే ఒక నిజాన్ని అంజనమ్మ పట్టుకుంది.

"నేను ఈడికి కొత్తమ్మా."

ముత్తయిదువ గడపకు వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే వెళ్ళకుండా ఉండే ఇల్లు ఆ వీధిలో లేదు. పైగా పిలిచింది రెండేళ్ళుగా బయట కనపడని మనిషి. పది ఇళ్ళయ్యాయి. పదిహేనయ్యాయి.

"ఇంగ చాలమ్మా, మోకాళ్ళు నొస్తాయి" అంది అంజనమ్మ.

"నా మోకాళ్ళకేం? ఇనుప గుండ్లు!" అని నడివీధిలో నిలబడి అరిచింది కస్తూరమ్మ. "ఒక్క గడప గూడా తప్పకూడదు." చివరికి మూసి ఉన్న టైర్ల గోదాము తలుపుకు కూడా బొట్టు పెట్టింది. తలుపు తీసి చూసిన గుమాస్తా మారియప్పకు కూడా పిలుపు అందింది.

పదకొండింటికి వసారాలో ముప్పై మంది ఆడవాళ్ళు. గాజులు, పూలు, ఒక గిన్నెడు చిత్రాన్నం. రెండు అరటిపండ్లతో మారియప్ప. సరిగ్గా అప్పుడే కోమల చక్కెర సంచీతో వచ్చింది.

"అయ్యో తల్లీ, బరువు ఎత్తొచ్చునా!" అంటూ చిన్నమ్మ సంచీ లాక్కుంది. "ఎన్నో నెల?"

కోమల నోరు తెరిచేలోపు గోపాలయ్య గజం బద్దతో పరుగెత్తుకొచ్చాడు. కొట్లో నలుగురు అభినందించారట. "కోమలా, నాకన్నా ఒక మాట చెప్పుండాల్సింది కదా!"

ఆ వెనకే, చెప్పిన వేళకు గంట ముందుగా, పుష్పవతి.

అందరి చూపులూ అంజనమ్మ మీదికి తిరిగాయి. ఆమెకు కెలమంగలం బస్సు హారన్ వినిపించినట్టే అయింది. "ఎదురు చెప్పొద్దన్నారు, చెప్పలేదు. జబ్బు సంగతి చెప్పొద్దన్నారు, అదీ చెప్పలేదు" అంది.

"ఏం జబ్బు?" అన్నారు ముప్పై మందీ.

కోమల మెట్టు మీద కూలబడింది. "అత్తకు మతి నిలవడంలేదు. రెండేండ్లయింది."

పుష్పవతి గొంతు తగ్గించి, "సంచీ సర్దుకో అంజనమ్మా" అంది.

లోపలి నుంచి కస్తూరమ్మ పీట తెచ్చి వాల్చింది. "కూచో కోమలా. ఈ తూరి మీ పెద్దమ్మింటికి నేనే పోయి పిలిచినా. ఇంగెవురూ అలగరు."

కోమల ముఖం మారిపోయింది. ఇరవై మూడేళ్ళ కిందట ఆమె సీమంతంనాడు పిలుపుల్లో తప్పిపోయింది ఆ ఒక్క ఇల్లే. పెద్దమ్మ అలిగింది, మాటా మాటా పెరిగింది, ఎవరో పీట ఎత్తేశారు. సీమంతం జరగలేదు. ఆ తరువాత కస్తూరమ్మ దాని ఊసెత్తలేదు. పెద్దమ్మ పోయి పదేళ్ళు. ఆ ఇల్లే ఇప్పుడు టైర్ల గోదాము.

"పిలిచినారమ్మా, నేనే సాక్షి" అన్నాడు మారియప్ప అరటిపండ్లు ముందుకు చాపి.

కోమల కళ్ళు తుడుచుకుని పీట మీద కూర్చుంది. ముప్పై మందీ మోచేతులదాకా గాజులు తొడిగారు. కస్తూరమ్మ హారతి ఇచ్చింది, తప్పు లేకుండా పాట పాడింది, చిత్రాన్నం తింది. ఆ తరువాత చిన్నమ్మ చెవిలో, "ఎవురింట్లోనే ఈ పండగ?" అని అడిగింది.

"మీ ఇంట్లోనే అత్తా" అంది చిన్నమ్మ. ఆనక కోమల మీద పడింది. "మోకాళ్ళని మా కాడ దాచినావా? రేపట్నుంచి మధ్యాహ్నాలు నేనొచ్చి కూచుంటా."

కోమల పుష్పవతి వైపు తిరిగింది. "ఆమె సంచీ ఈడనే పెట్టమనండి."

సోమవారం నుంచి జీతం అన్నారు. సోమవారం పొద్దున్నే మత్తూరు నుంచి కోమల అన్న శ్రీరంగయ్య, చెల్లెలి సీమంతం కబురు విని, కొయ్య ఉయ్యాల నెత్తిన పెట్టుకుని దిగాడు.

దాన్ని మళ్ళీ బస్సెక్కించడమే అంజనమ్మ ఉద్యోగంలో మొదటి పని.