ఫ్యాను ఎటు తిప్పాలి?

తణుకులో త్రినాథరావు ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండా ఖాళీగా ఉన్న కంప్యూటరు, ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని ఆలోచిస్తూ కూర్చోవడం వల్లే వేడెక్కిపోతోందని బుధవారం మధ్యాహ్నం తేలింది. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. జిల్లాలో ఇలాంటి ఫిర్యాదులు బోలెడు వస్తుంటాయి. వాటికో శాఖ ఉంది, ఆ శాఖలో అబ్బులు ఉన్నాడు.

మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేసే త్రినాథరావు మొదట దుమ్మేమో అనుకుని మూత విప్పి దులిపాడు. తర్వాత వైరస్ అనుకుని దానికి తగిన మందు వేయించాడు. ఆఖరికి టేబుల్ ఫ్యాను తెచ్చి కంప్యూటరు వైపు తిప్పి పెట్టాడు. అయినా లోపల రొద ఆగలేదు, తెర మీద గుండ్రంగా తిరిగే చక్రమూ ఆగలేదు. ఇంకోరోజైతే పోనీలే అని ఊరుకునేవాడు. కానీ ఆ సాయంత్రం ఐదు గంటల లోపు అతని భార్య తాయారు ఒక దరఖాస్తు పంపాలి. ఊరి చివర ఒక బడికి బస్సు డ్రైవరు కావాలట. తాయారు పుట్టింట్లో ట్రాక్టరు తోలిన మనిషి, పెద్ద బండ్ల లైసెన్సు పోయినేడే సంపాదించింది. పసుపు రంగు బస్సు వీధిలోంచి వెళ్తే చాలు, వంటింట్లో నిలబడ్డ ఆవిడ కాలు క్లచ్ కోసం వెతుక్కునేది. ఆ ఉద్యోగం ఆవిడకు అంతగా కావాలి.

అబ్బులు మూడున్నరకు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చంకలో రిజిస్టరు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ ప్రోగ్రాం కంప్యూటరును ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాడు. అలా తెరిచాడో లేదో, వాడకం మూడు శాతానికి పడిపోయింది. మనం గదిలోకి అడుగుపెట్టగానే మాటలు ఆపేసే చుట్టాల తీరే ఇది.

“ఇది ఇలాగే నటిస్తాదండి. మనం అటు తిరిగి కూర్చోవాలి, అంతే,” అన్నాడు అబ్బులు.

ముగ్గురూ గోడవైపు తిరిగి రెండు నిమిషాలు కూర్చున్నారు. చటుక్కున ఇటు తిరిగేసరికి దొరికిపోయింది. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే ప్రోగ్రాం ఒక్కటే తొంభై రెండు శాతం మింగుతోంది. దాని కింద వివరాలు కూడా ఉన్నాయి: ఎదురింటివాళ్ళు ముప్ఫై ఒకటి, త్రినాథరావు మేనత్త ఇరవై రెండు, పెళ్ళిళ్ళలో మాత్రమే కనిపించేవాళ్ళు పద్దెనిమిది, అసలు ఎవరో తెలియనివాళ్ళు ఇరవై ఒకటి.

“ఈ వీధిలో మీది పద్నాలుగో ఇల్లండి,” అని అబ్బులు రిజిస్టరులో రాసుకున్నాడు.

“తీసిపారెయ్యండి బాబూ!” అంది తాయారు.

అబ్బులు తీసెయ్యబోయాడు. ‘ఈ ప్రోగ్రాం ఆగితే ఇల్లు నడవకపోవచ్చు. సరేనా?’ అని తెర అడిగింది. అలాంటి ప్రశ్నకు ఇంటి యజమానే బదులివ్వాలని నిబంధన. త్రినాథరావు మౌస్ మీద వేలు పెట్టి, నొక్కకుండానే వెనక్కి తీసుకున్నాడు.

“నాకేం అభ్యంతరం లేదండీ. కానీ మొత్తానికే పీకి పారేశామంటే... ఏమనుకుంటారు?”

వాడకం తొంభై ఆరుకు చేరింది.

“పోనీ ఇంకో దారుందండి,” అన్నాడు అబ్బులు ఏమాత్రం విసుక్కోకుండా. “దీన్ని కంప్యూటర్లోంచి తీసి ఇంట్లో మనిషికి ఎక్కించేద్దారి. ఏడో నంబరు ఫారం. అయితే ఖాళీగా ఉన్నోళ్ళకే ఎక్కించాలండి, పనిలో ఉన్నోళ్ళకి కుదరదు.”

ఫోన్లో ఆ ఇంటి రికార్డు తెరిచి చదివాడు. త్రినాథరావు, గుమాస్తా. కొడుకు, తొమ్మిదో తరగతి. తాయారు, పని: ఏమీ లేదు.

“ఏమీ లేదా?” అంది తాయారు. “ఎవరు రాశారండీ అది?”

త్రినాథరావు గోడమీది క్యాలెండరు చూడసాగాడు. ఏడేళ్ళ కిందట ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే మనిషి వచ్చినప్పుడు, గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పింది అతనే. అప్పుడు తాయారు పెరట్లో నాలుగు దుప్పట్లు ఉతికి, ఐదోది పిండుతోంది. అతనికి అబద్ధం చెప్పాలని లేదు పాపం, అందరూ అలాగే రాయిస్తారు కదా అనుకున్నాడు.

“తప్పని మీరంటే అర్జీ పెట్టుకోవచ్చండి. ఇరవై ఒక్క రోజుల్లో మనిషొచ్చి మీరు పని చేస్తన్నారో లేదో చూసెళ్తారు,” అన్నాడు అబ్బులు.

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. తాయారుకు ఒళ్ళు మండింది. మండినా, ఐదు గంటలు ఎవరికోసమూ ఆగవు.

“సరే, నాకే ఎక్కించండి. నా దరఖాస్తు వెళ్తే చాలు.”

త్రినాథరావు సంతకం పెట్టాడు. తాయారు కంప్యూటరు మీద అరచెయ్యి ఆనించింది. తెర మీద నీలం గీత ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. పదకొండు నిమిషాలు పట్టింది. లోపలి రొద ఠక్కున ఆగిపోయింది. నెలరోజుల తర్వాత ఆ ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినబడింది.

“హమ్మయ్య!” అన్నాడు త్రినాథరావు.

దరఖాస్తు రెప్పపాటులో తెరుచుకుంది. తాయారు పేరు కొట్టింది, ఫొటో పెట్టింది, లైసెన్సు నంబరు కొట్టింది. ఇక పంపే బటన్ నొక్కడమొకటే మిగిలింది. బాణం గుర్తును దాని మీదికి తెచ్చి ఆగింది.

ముందుగా ఎదురింటివాళ్ళు ఆవిడ కళ్ళముందుకు వచ్చారు. గేటు పట్టుకుని నిలబడి, ఖాకీ చొక్కా వేసుకుని వెళ్తున్న తాయారును కిందనుంచి పైదాకా చూశారు. వెనకే మేనత్త ఫోను చేసి, మా త్రినాథుడికి ఏం లోటొచ్చిందే అని అడిగింది. పెళ్ళి పందిట్లో వరసగా కూర్చున్నవాళ్ళు విస్తళ్ళలోంచి తలలెత్తారు. అసలు ఎవరో తెలియనివాళ్ళు మాత్రం ఏమీ అనలేదు, ఊరికే నవ్వారు.

“నొక్కవేమే?” అన్నాడు త్రినాథరావు.

“నొక్కుతానండీ.”

ఐదయింది. గడువు ముగిసిందని తెర మర్యాదగా చెప్పింది.

“అరగంట నుంచీ ఖాళీగా కూర్చుని ఏం చేశావే?” అని అడిగాడు త్రినాథరావు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

“ఏమీ లేదండీ,” అని తాయారు లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వీధిలోంచి బడి బస్సు వెళ్ళింది. ఆవిడ కాలు కదల్లేదు.

అబ్బులు కంప్యూటరు మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. ‘సమస్య తీరింది’ అని రిజిస్టరులో రాసి త్రినాథరావు చేత సంతకం పెట్టించుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ, మరిచిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

“అమ్మగారికి కాస్త గాలి తగిలేలా చూడండి. మొదట్లో వేడి చేస్తాది, తర్వాత అలవాటైపోద్దండి.”

త్రినాథరావు చెడ్డవాడు కాదు. కంప్యూటరు దగ్గరున్న టేబుల్ ఫ్యాను వెంటనే మోసుకెళ్ళి వంటింటి గుమ్మంలో పెట్టి, తాయారు వైపు తిప్పాడు. ఆ వీధిలో మిగతా పదమూడు ఇళ్ళలో ఫ్యాన్లు అప్పటికే వంటింటి వైపు తిరిగి ఉన్నాయి.